బరువు ఒకటే, రంగు ఒకటే... మెరుపులో తేడా ఎందుకు?

పక్కపక్కన రెండు వజ్రాలు. రెండూ యాభై సెంట్లవే, అంటే అర క్యారెట్. సర్టిఫికెట్లలో రంగు, స్వచ్ఛత కూడా ఒకటే. అయినా ఒకటి వెలుగులు చిమ్ముతుంది, రెండోది గాజుముక్కలా ఉంటుంది. ఎందుకు?

సానపట్టిన తీరు వల్ల. వజ్రంలోకి వెళ్లిన కాంతి అంత తేలిగ్గా బయటికి రాదు. లోపలి తలాన్ని నిటారుగా తాకితే దాటిపోతుంది. నిటారు గీతకు సుమారు 24 డిగ్రీలు మించి వాలుగా తాకితే వెనక్కి తిరుగుతుంది. అడుగు భాగం కోణాలు కుదిరితే, అలా తిరిగిన కాంతి పైనుంచి మన కంటికి చేరుతుంది. అడుగు మరీ లోతైనా, మరీ పల్చనైనా కిందినుంచో పక్కలనుంచో జారిపోతుంది. లోతు ఎక్కువ ఉంచితే ముడిరాయి బరువు మిగులుతుంది కాబట్టి అలా కోసేవాళ్లున్నారు. మెరుపు ఇవ్వని ఆ బరువుకు డబ్బు కట్టేది మాత్రం కొనేవాళ్లే.

కృష్ణా తీరాన కొల్లూరు గనిలో దొరికిందని చెప్పుకునే కోహినూర్ సంగతి చూడండి. 1851లో లండన్ మహా ప్రదర్శనలో పెడితే, 186 క్యారెట్ల రాయి ఇంతేనా మెరిసేది అని జనం పెదవి విరిచారు. మరుసటి ఏడాది విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ దాన్ని మళ్లీ సానపట్టించారు. బరువు 105 క్యారెట్ల చిల్లరకు పడిపోయింది, మెరుపు పెరిగింది. మన పాత సానగాళ్లకు పనితనం లేదని కాదు, రాయి తరగకుండా కాపాడటమే వాళ్లకు ముఖ్యం.

మరి ఎలా ఎంచుకోవాలి?

ముందు కట్, అంటే సానపట్టిన తీరు, చూడండి. గుండ్రటి రాయైతే ‘ఎక్సలెంట్’ గ్రేడుకు తగ్గొద్దు. దానికి ఎక్కువయ్యే డబ్బును మిగతా వాటిలో మిగుల్చుకోవచ్చు. రంగు గ్రేడ్లు రంగులేని డి నుంచి పసుపు ఛాయ ఉన్న జెడ్ దాకా ఉంటాయి. పచ్చటి బంగారంలో పొదిగించుకునేవాళ్లకు జి, హెచ్ చాలు, లేత పసుపు ఛాయ అందులో కలిసిపోతుంది. స్వచ్ఛతను పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంతో నిర్ణయిస్తారు. వీఎస్2 స్వచ్ఛత గ్రేడు రాయిలోని మచ్చలు మామూలు కంటికి దాదాపు కనబడవు. ఇక బరువు: 95 సెంట్ల రాయికీ నిండు క్యారెట్‌కూ వేలి మీద తేడా తెలియదు, ధరలో తెలుస్తుంది.

దుకాణంలో స్పాట్‌లైట్ల కింద ఏ రాయైనా మెరుస్తుంది. కిటికీ దగ్గర, నీడపట్టున చూపించమనండి. వెనక మూసేసిన క్లోజ్డ్ సెట్టింగ్ నగలో రాయి అడుగు కనబడదు, అందుకని పొదగకముందే చూడాలి.

ల్యాబ్‌లో పెంచినది నకిలీ కాదు, అదీ అసలు వజ్రమే. కంటికీ, దుకాణాల్లో వాడే మామూలు టెస్టర్‌కూ తేడా దొరకదు, ధర మాత్రం చాలా తక్కువ. అందుకే సహజమైనదా, పెంచినదా అన్నది బిల్లు మీద రాయించుకోండి. రాయి నడుము మీద లేజర్‌తో నంబరు చెక్కి ఉంటే, సర్టిఫికెట్‌తో సరిపోయిందో లేదో భూతద్దంలో చూశాకే డబ్బు కట్టండి.