ఆంగ్ల జాతీయముల అర్థబోధ: లక్షణావిచారము

పదములన్నింటికి విడివిడిగా అర్థము తెలిసినను, వాటి సముదాయమునకు అర్థము తెలియకపోవుట జాతీయముల స్వభావము. ఆంగ్లమునుండి అనువదించు మన విద్యార్థులు తరచుగా తొట్రుపడునది ఇచటనే. ఈ చిక్కును విడదీయు సాధనములు మన శాస్త్రములయందే కలవు.

‘కిక్ ది బకెట్’ అను పలుకుబడిని గ్రహింతము. వాచ్యార్థము బాల్చీని తన్నుట, వివక్షితార్థము మరణించుట. ముఖ్యార్థబాధ, ముఖ్యార్థయోగము, రూఢిప్రయోజనములలో నొకటి లక్షణకు హేతువులని మమ్మటుడు కావ్యప్రకాశమున నిరూపించెను. ఇచట బాధ యెట్టిది? మనుష్యుడు బాల్చీని తన్నుట సంభవమే. కావున అన్వయానుపపత్తి లేదు. మరణవార్తను చెప్పు సందర్భమున మాత్రము ఆ యర్థము పొసగదు. కనుక తాత్పర్యానుపపత్తియే లక్షణాబీజమను నైయాయికమతము ఇచట చక్కగా అన్వయించును. బాల్చీకిని మరణమునకును గల సంబంధమును గూర్చి ఊహలు పెక్కు కలవు గాని, నేటి వక్తకు అది స్ఫురింపదు. అందువలన నిది నిరూఢలక్షణ. ‘బ్రేక్ ది ఐస్’ అట్టిది కాదు. మంచును పగులగొట్టుటకును, అపరిచితుల నడుమ బిగువును సడలించుటకును సాదృశ్యము స్ఫుటము. కావున నిది గౌణి.

శబ్దార్థశ్లేషల భేదమును నిర్ణయించుటకు ఆలంకారికులు చెప్పిన పర్యాయపరివృత్తి ఇచటను పరీక్షగా నుపకరించును. ‘బకెట్’కు మారుగా ‘పెయిల్’ అనినచో మరణార్థము నశించును. కర్మణిప్రయోగమునకు మార్చినను అంతే. కాని రహస్యమును వెల్లడించుట యను అర్థముగల ‘స్పిల్ ది బీన్స్’ కర్మణియందును నిలుచును. జాతీయములన్నియు సమానముగా బిగిసినవి కావని దీనివలన తేలుచున్నది.

పదశః అనువాదము ఎల్లప్పుడు దోషమా? ‘మొసలికన్నీరు’, ‘తెల్ల ఏనుగు’ మన పత్రికాభాషలో కుదురుకొన్నవి. అది అనువాదబలము కాదు, వ్యవహారబలము. న్యాయసిద్ధాంతముక్తావళి చూపిన ఎనిమిది శక్తిగ్రహోపాయములలో వ్యాకరణ మొక్కటియే ఇచట చాలదు. కోశము, ఆప్తవాక్యము, వ్యవహారము శరణ్యములు.

కావున అధ్యాపకులు జాతీయమును ఒంటరిగా గాక, సంపూర్ణవాక్యమునందుంచి బోధింపవలెను. తాత్పర్యము తెలిసిన పిదప తెనుగు పలుకుబడిని వెదకింపవలెను. ‘బీట్ అరౌండ్ ది బుష్’ అనగా పొదచుట్టు కొట్టుట కాదు, డొంకతిరుగుడుగా మాటలాడుట. అర్థముతోపాటు ఔచిత్యమును గూడ పాటింపవలెను. ‘కిక్ ది బకెట్’ పరిహాసధ్వని గలది. దానిని ‘పరమపదించెను’ అని అనువదించినచో అర్థము దక్కును గాని ధ్వని దక్కదు. ‘గుటుక్కుమనెను’ అనినచో రెండును దక్కును.