బల్బు మారిన ఇంట్లో పాత ఫ్యానే

తెలుగునాట ఇళ్లలో గుండు బల్బుల స్థానంలో ఎల్ఈడీ బల్బులు కొద్ది ఏళ్లలోనే వచ్చేసినా, అదే గదిలో తిరిగే ఫ్యాను మాత్రం చాలాచోట్ల 75 వాట్ల పాతదే. మోటారులో శాశ్వత అయస్కాంతాలు, దాన్ని నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు ఉండే బీఎల్‌డీసీ ఫ్యాను సుమారు 30 వాట్లతోనే ఇంచుమించు అంతే గాలి ఇస్తుంది. రోజుకు 12 గంటల చొప్పున ఏడాదిలో 300 రోజులు వాడితే 162 యూనిట్లు మిగులుతాయి. యూనిట్ అంటే వెయ్యి వాట్ల పరికరం గంటసేపు వాడుకునే కరెంటు. యూనిట్ 6 రూపాయలనుకుంటే ఆదా ఏటా 972 రూపాయలు కనుక, మామూలు ఫ్యాను ధర కంటే అదనంగా పెట్టిన వెయ్యో పదిహేను వందలో రెండేళ్లలోపే తిరిగి వస్తాయి.

ఈ లెక్క జనానికి తెలియక కొనడం లేదనుకోవడం పొరపాటు. దుకాణంలో చెల్లించే ధర కళ్లెదుట ఉంటుంది. ఆదా మాత్రం ఫ్రిజ్, టీవీ, నీళ్ల మోటారు అన్నీ కలిసిన బిల్లులో కలిసిపోతుంది. అమెరికా ఆర్థికవేత్త జెర్రీ హౌస్‌మన్ 1979లో ఏసీల కొనుగోళ్లను పరిశీలించి, రేపటి ఆదా విలువను కొనుగోలుదారులు ఏటా సుమారు 20 శాతం తగ్గించి చూస్తారనీ, ఆదాయం తక్కువైన కుటుంబాల్లో ఈ తగ్గింపు ఇంకా ఎక్కువనీ తేల్చాడు. దాన్ని అజ్ఞానమనడం కంటే చేతిలో డబ్బాడని ఇంటి జాగ్రత్త అనడమే న్యాయం. పైగా తెలంగాణలో గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్లలోపు ఉచితంగా వాడుకునే కుటుంబానికి ఈ ఆదా రూపాయల్లో కనిపించనే కనిపించదు.

మరమ్మతు భయం కూడా చిన్నది కాదు. పాత ఫ్యాను నెమ్మదిస్తే వీధి చివరి మెకానిక్ కండెన్సర్ మారుస్తాడు, కాలిపోతే వైండింగ్ కట్టి అప్పగిస్తాడు. కొత్త ఫ్యాను బోర్డు పోతే అతని దగ్గర విడిభాగం ఉండదు, కంపెనీ మనిషి కోసం మండుటెండల్లో రోజుల తరబడి ఎదురుచూడాలి. అద్దె ఇళ్లలో చిక్కు వేరు: ఫ్యాను కొనేది యజమాని, బిల్లు కట్టేది అద్దెకున్నవారు కావడంతో ఖరీదైనది బిగించాల్సిన అవసరం యజమానికి తోచదు.

ఎల్ఈడీకి ఈ అడ్డంకులేవీ లేవు. ప్రభుత్వం టోకుగా కొనడంతో 2014 ఆరంభంలో 310 రూపాయలున్న కొనుగోలు ధర 2016కల్లా 40 రూపాయల లోపుకు దిగింది. 2015 జనవరిలో మొదలైన ఉజాలా పథకంలో చాలాచోట్ల తొలుత 10 రూపాయలు కట్టి, మిగతాది కరెంటు బిల్లులోనే వాయిదాలుగా చెల్లించే వీలు కల్పించారు. ఇల్లు మారితే బల్బును వెంట తీసుకుపోవచ్చు. ఫ్యాన్లకు 2023 జనవరి నుంచి స్టార్ లేబుల్ తప్పనిసరి అయింది గాని, లేబుల్ ధరను తగ్గించదు, మెకానిక్‌కు పని నేర్పదు. విద్యుత్ పంపిణీ సంస్థలు ఫ్యాన్లకూ బిల్లులో వాయిదాల పద్ధతి తేవాలి, తయారీదారులు బోర్డులను వీధి మెకానిక్‌కు అందుబాటులో ఉంచాలి.