ఎనభై గంటల లెక్క

1984 మార్చి నెలలో ఒక రాత్రి, న్యూయార్కు నగరంలోని ఒక ఆస్పత్రిలో లిబ్బీ జయాన్ అనే పద్ధెనిమిదేళ్ళ విద్యార్థిని జ్వరంతో చేరింది. తెల్లవారేసరికి మరణించింది. ఆ రాత్రి ఆమెను చూసినవారు శిక్షణలో ఉన్న ఇద్దరు యువ వైద్యులు. తప్పు ఇద్దరు డాక్టర్లది మాత్రమే కాదనీ, వారిని నిద్రాహారాలు లేకుండా పనిచేయించే పద్ధతిదనీ ఆమె తండ్రి, పాత్రికేయుడు సిడ్నీ జయాన్ ఏళ్ళ తరబడి పోరాడారు. ఫలితంగా న్యూయార్కు రాష్ట్రం 1989లో రెసిడెంట్ల పనిని వారానికి 80 గంటలకు పరిమితం చేసింది. 2003లో అదే నియమం అమెరికా అంతటా అమలులోకి వచ్చింది.

ఎనభై గంటలే ఎక్కువ కదా అని పాఠకులకు తోచవచ్చు. కాని 1889లో జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో డాక్టర్ హాల్‌స్టెడ్ రెసిడెన్సీకి రూపకల్పన చేసినప్పుడు శిష్యులు ఆస్పత్రిలోనే నివసించేవారు. రెసిడెంట్ అన్న పేరు అలా వచ్చిందే.

నియమం సరే, అది అమలవుతున్నదని తెలిసేదెట్లా? కాగితపు పట్టీలయితే నెలాఖరున ఒకే సిరాతో, ఒకే కూర్చుండుటలో నింపివేయవచ్చు. వాటి స్థానాన్ని ఇంటర్నెట్ ద్వారా నడిచే రికార్డులు ఆక్రమించాయి. రెసిడెంట్ తన గంటలను వార్డులోని కంప్యూటరులోనో, చేతి ఫోనులోనో నమోదు చేస్తాడు. నాలుగు వారాల సగటు ఎనభై దాటితే శిక్షణాధికారికి వెంటనే తెలుస్తుంది. శస్త్రచికిత్స నేర్చేవారు ప్రతి ఆపరేషనునూ, అందులో తమ పాత్రనూ రాయాలి. జనరల్ సర్జరీలో ఐదేళ్ళకు కనీసం 850 ఆపరేషన్లు ఉండాలి. ఎవరికి ఏ రకం ఆపరేషన్లు కొరతగా ఉన్నాయో గడువు ఉండగానే బయటపడటం వల్ల, వారిని తగిన విభాగానికి మార్చే అవకాశం కలిగింది. ఈ ఉపకారం చిన్నది కాదు.

చిక్కు మరొకచోట ఉన్నది. తొంభై గంటలు పనిచేసినవాడు తొంభై అని రాస్తే, చిక్కుల్లో పడేది ఆస్పత్రి ఒక్కటే కాదు. శిక్షణకు గుర్తింపు రద్దయితే తన చదువుకే విలువ పోతుంది. మన ఉభయ తెలుగు రాష్ట్రాల కళాశాలల్లో చదివి, అక్కడి సీటు కోసం పరీక్షలు రాసి, వీసాతో వెళ్ళిన యువకుడికి ఆ భయం మరీ ఎక్కువ. అందుకే ఎనభై అని రాసి నిట్టూరుస్తాడు. తప్పుడు గంటలు నమోదు చేశామని పేరు చెప్పనక్కరలేని సర్వేలలో ఎందరో రెసిడెంట్లు ఒప్పుకున్నారు. యంత్రం కూడికలో పొరబడదు. కాని అంకెను అందించేది అలసిన ఆ చేయే.

ఇంటికి వెళ్ళాక రోగుల వివరాలు రాసే సమయాన్ని కూడా లెక్కలో చేర్చాలని 2017లో స్పష్టం చేశారు. రెసిడెంటు మాటతో పనిలేకుండా, రోగుల రికార్డులు తెరచిన వేళలను బట్టి పనిగంటలు లెక్కగట్టే ప్రయత్నాలూ జరిగాయి. అయితే రోగి మంచం పక్కన నిలబడి, కంగారు పడుతున్న బంధువులకు విషయం వివరించిన అరగంట ఆ లెక్కకు అందదు.