బాలుర చేతిదీపము

పల్నాటిసీమలో ఆటవస్తువుల ప్రసక్తి వచ్చినంతనే జ్ఞప్తికి వచ్చునది బొంగరము. శ్రీనాథుని పేర వెలసిన ‘పల్నాటి వీరచరిత్ర’లో బాలచంద్రుడు బొంగరములాడు ఘట్టము తెలియని తెలుగువాడు అరుదు. ఆ బొంగరము దారి తప్పి ఒక స్త్రీ కాలికి తగులుటయు, నొచ్చిన ఆమె పలికిన మాటవలన యుద్ధవార్త ఆ బాలునకు తెలియుటయు కథ. వీరరసమును కొంతసేపు ప్రక్కన బెట్టినచో, పిల్లవాని ఆటవస్తువు ఒకరికి గాయము చేసిన ముచ్చటగా కూడ ఆ ఘట్టమును చదువుకొనవచ్చును. నేడు ఆ సీమ పిల్లల ఆటవస్తువులలో చిన్న టార్చిలైటు కూడ చేరినది. చూచుటకు బొంగరముకంటె సాధువైన వస్తువు. మేకులేదు, మొనలేదు. అయినను దానివలన గాయము కలిగినచో అది కాలికి కాదు. కంటికి కానరాని చోట కలుగును.

పల్నాటికి పడమటి వైపున, నల్లమల అడవుల దాపున వెల్దుర్తి కలదు. కర్నూలు, మెదకు జిల్లాలలోను ఈ పేరుగల ఊళ్ళున్నవి. ఇచట చెప్పబడునది మాచర్లకు సమీపమున నున్న మండల కేంద్రము. 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన పల్నాడు జిల్లాలోనిది. వెలుతురునకును వెల్దుర్తికిని ఏదో చుట్టరికమున్నట్లు వినిపించును గాని, అది చెవికి తోచు పోలికయే. అడవి దాపునున్న ఊళ్ళలోని చీకటి పట్టణములలోని చీకటివంటిది కాదు. వీథిదీపము దాటి నాలుగడుగులు వేసినచో నేల కానరాదు. తేలో, పామో, కంపముల్లో, కాలు పెట్టిన పిమ్మటగాని తెలియదు. అందుచేత అట్టి ఊళ్ళలో టార్చిలైటు విలాసవస్తువు కాదు. రాత్రివేళ పొలమునకు పోవు రైతునకు చేతికఱ్ఱతో సమానమైన పనిముట్టు. రెండు మూడు సెల్లులు పట్టు ఆ లోహపు గొట్టమునకు ఇంటిలో చిలుకకొయ్యయే స్థానము. అనగా పిల్లల చేతికందని ఎత్తు. ఏ బాలుడైనను దానిని సంపాదించి గోడమీద వెలుగుబంతిని ఆడించినచో, “ముట్టుకోమాకురా, సెల్లులయిపోతయ్” అను కేక లోపలినుండి వినవచ్చుట ఖాయము.

ఆ కేకలో లోభము లేదు. నీరసించిన సెల్లులను ఎండలో పెట్టి మఱి రెండు రాత్రులు వాడుకొనుట తెలుగుపల్లెలలో అందఱెఱిగిన ఉపాయము. అది వట్టి నమ్మకము కాదు. వేడిమికి సెల్లులోని రసాయనిక చర్య కొంత చురుకుదేరును. విశ్రాంతివలనను కొంత శక్తి తేరుకొనును. అయితే ఆ బలము ఎంతోసేపు నిలువదు. పైగా ఆ రకపు సెల్లులో జింకు డబ్బాయే ఒక ధ్రువము. వాడినకొలది ఆ డబ్బాయే తినబడి, చివరకు చిల్లులు పడి, లోపలి పదార్థము కారి, టార్చిలోని స్ప్రింగును తుప్పు పట్టించును. పెద్దలు ‘టార్చి చెడిపోయినది’ అని మూలబెట్టిన వానిలో చాలవఱకు చెడినవి టార్చీలు కావు. వానిలో మరచి వదలిన సెల్లులే.

చేతిదీపము వయస్సు మిక్కిలి తక్కువ. 1866లో ఫ్రాన్సు దేశీయుడు జార్జి లెక్లాంషే తడి సెల్లును ప్రకటించెను. సుమారు ఇరువది ఏండ్లకు జర్మనీలో కార్ల్ గాస్నరు ఒలికిపోని పొడి సెల్లును చేసెను. 1899 జనవరి 10వ తేదీన డేవిడ్ మిసెల్ అనునతనికి గొట్టపు ఆకారముగల చేతిదీపముపై అమెరికాలో పేటెంటు లభించినది. నాటి సెల్లులు నిలకడగా విద్యుత్తు నీయజాలవు. దీపము తళుక్కుమని వెలిగి, కొంత విరామము కోరెడిది. అమెరికనులు దానిని ‘ఫ్లాష్‌లైటు’ అని పిలుచుట అందుచేతనే. మనకు ఇంగ్లీషువారి ‘టార్చి’ దక్కినది. పల్లెలలో ‘బ్యాటరీలైటు’ అయినది. తెలుగునేలమీదను సెల్లుల పరిశ్రమ పాదుకొన్నది. 1972లో స్థాపితమైన ఇండో నేషనల్ సంస్థ నెల్లూరు ప్రాంతమున చేసిన ‘నిప్పో’ సెల్లుల పేరు ఎఱుగని కిరాణా అంగడి లేదు.

ఇంతవఱకు టార్చిలో మిక్కిలి సున్నితమైన భాగము బల్బు. వెంట్రుకకంటె సన్నని తీగ వెలుగుచుండగా ఒక్కసారి గచ్చుమీద పడినచో తెగిపోవును. కనుక వెనుకటి బొమ్మటార్చి మూడు దినముల ముచ్చట. బాలుడు దానిని పడవేసెడివాడు, అది ఆరిపోయెడిది, కొంతసేపు ఏడుపు, పిమ్మట మరపు. ఈ స్థితిని మార్చినది ఎల్.ఇ.డి. దీపము. అందు తీగ లేదు. తెగుట అను మాట లేదు. 1962లో నిక్ హోలన్యాక్ ఎఱ్ఱని వెలుగునిచ్చు ఎల్.ఇ.డి.ని చూపెను. నీలివెలుగు సాధించుటకు మఱి మూడు దశాబ్దములు పట్టినది. నీలివెలుగు లేనిదే తెల్లని వెలుగు రాదు. ఆ సాధనకుగాను అకసాకి, అమానో, నకమురా అను మువ్వురు జపాను శాస్త్రజ్ఞులకు 2014లో నోబెల్ బహుమానము లభించినది. దాని ఫలితముగా నేడు అతి చౌకయైన బొమ్మటార్చి సైతము మేడమీదనుండి పడినను వెలుగుచునే యుండును.

చిక్కు ఇచటనే వచ్చినది. తెల్లని ఎల్.ఇ.డి. వెలుగుటకు సుమారు 3 వోల్టులు కావలెను. ఒక్క మామూలు సెల్లు ఒకటిన్నర వోల్టు మాత్రమే ఇచ్చును. బొమ్మను చిన్నదిగా, చౌకగా చేయదలచిన తయారీదారులు చొక్కాగుండీవంటి సెల్లులు మూడింటిని పేర్చిరి, లేదా నాణెమువంటి లిథియము సెల్లు నొక్కదానిని అమర్చిరి. దీపము పగులుట మానినది. సెల్లు జారుట మొదలైనది. ఒకప్పుడు బొమ్మటార్చి పాడైనచో బొమ్మయే పాడగుచుండెను. ఇప్పుడు దీపము చెక్కుచెదరక, మూత మాత్రము ఊడి, మెఱయుచున్న గుండుసెల్లు నేలమీదికి దొర్లును. చంటివాడు నేలమీది మెఱుపును నోటబెట్టుకొనకుండ ఉండునా?

మ్రింగిన సెల్లు విషమువలన హాని చేయునని కొందఱు తలంతురు. అది సరికాదు. అన్నవాహికలో చిక్కుకొన్న సెల్లు యొక్క రెండు ధ్రువములను తడిగానున్న కండరము కలుపును. అనగా దీపమునకు బదులు పిల్లవాని గొంతుక ఆ వలయములో చేరును. ఋణధ్రువము తాకినచోట తీవ్రమైన క్షారము పుట్టి కండరమును కాల్చును. రెండు గంటలలోనే లోతైన గాయము కావచ్చును. 20 మిల్లీమీటర్ల వ్యాసముగల 3 వోల్టుల లిథియము సెల్లు అన్నిటికంటె ప్రమాదకరము. దీపము వెలిగింపలేక పారవేసిన సెల్లులోను ఈ పనికి చాలినంత శక్తి మిగిలియుండును. చొంగ కారుట, దగ్గు, అన్నము మానుట, ఇవియే లక్షణములు. ఒక్కొక్కప్పుడు ఏ లక్షణమును ఉండదు. మాటలు రాని బిడ్డ చెప్పలేడు. వచ్చిన బిడ్డ తిట్లకు జడిసి చెప్పడు.

ఈ రెండు గంటలు అను మాటను వెల్దుర్తిలో నిలిచి ఆలోచింపవలెను. అచటినుండి మాచర్లకు, మాచర్లనుండి నరసరావుపేటకో గుంటూరునకో పోవుసరికే ఆ గడువు తీరిపోవును. కనుక అనుమానము కలిగినంతనే బయలుదేరవలెను. ‘రేపు ఉదయము చూతము’ అనుట తగదు. వాంతి చేయింపరాదు. అన్నము పెట్టరాదు. ఏడాది నిండిన బిడ్డకు త్రోవలో పది నిమిషముల కొకసారి రెండు చెంచాల తేనె నాకించినచో కాల్పు కొంత నెమ్మదించునని విషచికిత్సా నిపుణుల సూచన కలదు. ఏడాదిలోపు శిశువునకు తేనె కూడదు. తేనెకొఱకు వెదకుచు ప్రయాణమును ఆపుట అంతకంటె కూడదు. వైద్యశాలలో మొదట అడుగవలసినది ఎక్స్‌రే. అందు సెల్లు అంచు రెండు వలయములుగా కనిపించును, నాణెమునకు అట్లుండదు.

మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళలో తాటిచెట్లను మించిన ప్రభలు విద్యుద్దీపములతో వెలుగుచుండగా, వాని క్రింద బొమ్మల అంగళ్ళు తీరును. వెలుగుల నడుమ తిరిగిన బాలునకు వెలుగు బొమ్మయే కావలెననిపించుట సహజము. కొనవద్దనుట న్యాయము కాదు. ఏది కొనవలెనో తెలియుటయే కావలసినది. 2021 జనవరి 1వ తేదీనుండి మనదేశమున పదునాలుగేండ్లలోపు పిల్లల బొమ్మలకు ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి, సెల్లులతో నడచు బొమ్మలకు ఐ.ఎస్. 15644 అను ప్రమాణము వర్తించును. కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలవంటి చేతిపనులకు మినహాయింపు నిచ్చిరి. వానిలో సెల్లులు లేవు గదా! తాళపుచెవుల గుత్తికి వ్రేలాడు బుల్లిదీపములను తరచుగా బొమ్మలుగా కాక వేఱు వస్తువులుగా అమ్ముదురు. వానిమీద ఆ ముద్ర వెదకినను కానరాదు. వానిని పసివాండ్రకు ఇయ్యకుండుటయే మంచిది.

మూత స్క్రూతో బిగింపబడినదా అనునది మొదటి ప్రశ్న. గోటితో తెఱచుకొను మూత ఎంత అందమైన బొమ్మకున్నను పనికిరాదు. గుండుసెల్లులకంటె పెన్సిలుసెల్లులు పట్టునది మేలు. మీట పెద్దదిగా, బొటనవ్రేలికి లొంగునట్లు ఉండవలెను. గొట్టము మందమైన ప్లాస్టిక్కుతో, అంచున రబ్బరుతో ఉన్నచో చాలకాలము మన్నును. మెడకు చుట్టుకొనునంత త్రాడు ఉండరాదు. మూడేండ్లలోపు పిల్లల బొమ్మనుండి ఊడివచ్చు ఏ ముక్కయు 31.7 మిల్లీమీటర్ల వ్యాసముగల కొలతగొట్టములో పూర్తిగా ఇముడరాదని ప్రమాణము చెప్పుచున్నది. అట్టముక్కతో ఆ వెడల్పున గొట్టము చుట్టుకొని ఉపాధ్యాయులు స్థూలముగా పరీక్షించి చూడవచ్చును. వెలుగు మందముగా నున్నదని బొమ్మటార్చిని తప్పుపట్టరాదు. ఎదుటివాని కంట కొట్టు తీవ్రమైన వెలుగు బొమ్మకు తగదు. అయితే ఆ మందపు వెలుగును నమ్మి బిడ్డను చీకటిలో దొడ్డిలోనికి పంపుట పొరపాటు. పామును చూపవలసినది చిలుకకొయ్యకున్న టార్చియే.

సెల్లులే అక్కఱలేని చేతిదీపము కూడ కలదు. పిడిని నొక్కిన కొలది లోపలి అయస్కాంతము తిరిగి విద్యుత్తు పుట్టును. 1831లో ఫారడే కనుగొన్న సూత్రమే ఇది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, సెల్లులు కఱవైనప్పుడు, హాలండులో ఫిలిప్సువారు ఇట్టివానిని చేసిరి. ఐదారేండ్ల పిల్లల కిది మిక్కిలి ఇష్టము. బుఱ్ఱుమను చప్పుడు వచ్చును, పిడికిలి నొచ్చును, ఆపినంతనే వెలుగు తగ్గును. వెలుగు ఊరక రాదని చేతికే తెలియును.

బడిలో బొమ్మటార్చికి గల ఉపయోగము ఇంతలో తెమలదు. స్క్రూడ్రైవరు ఉపాధ్యాయుని చేతిలో నుండగా దానిని విప్పి, ఒక సెల్లును తలక్రిందుగా పెట్టి, ఏల వెలుగలేదో పిల్లలచేతనే చెప్పింపవచ్చును. భూగోళమునకు ఒకవైపు పట్టి పగలును రాత్రిని చూపవచ్చును. తెల్లని పంచె కట్టి వెనుకనుండి వెలుగు వేసినచో తోలుబొమ్మలాటయే సిద్ధము. నిమ్మలకుంటలో ఆ కళను నిలిపిన దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చినది; ఆ ఆటకు ఒకప్పుడు ఆముదపు దీపములే వెలుగు. అట్టబొమ్మను దీపమునకు దగ్గఱగా జరిపినచో తెరమీది నీడ పెరుగును, దూరముగా జరిపినచో తగ్గును. రెండు టార్చీలను ప్రక్కప్రక్కన వెలిగించినచో ఒకే బొమ్మకు రెండు నీడలు పడును. ఆ రెండును కలిసినచోట నలుపు మఱింత చిక్కగా నుండుటకు కారణమేమని ఐదవ తరగతిలో ఎవడో ఒకడు అడుగక మానడు.