తేమ చెప్పే తీగకు హాజరు పట్టీ



మన గోరంట్ల చుట్టుపట్ల చేలకు వాన నమ్మకం తక్కువ. బోరు నీటిని చుక్క చుక్కగా వాడుకోవాలి. అందుకే డ్రిప్పు వేసిన చేలో తేమ కొలిచే కడ్డీలు పాతి, వాటిని మోటారు దగ్గరి పెట్టెకు కలుపుతారు. ఆ పెట్టెలో గోరంత చిప్పు వుంటుంది. దానినే మైక్రోకంట్రోలరు అంటారు. కడ్డీలతో అది ఎట్లా మాట్లాడుతుందో తెలిస్తే సగం చిక్కులు మనమే విప్పుకోవచ్చు.

కడ్డీకొక తీగ లాగితే ఖర్చు తడిసి మోపెడవుతుంది. కనుక అన్నిటికీ ఉమ్మడిగా ఒకే జంట తీగ వేస్తారు. దీనిని బస్సు అంటారు. బడిలో పంతులుగారు హాజరు పిలిచినట్లు, పెట్టె ఒక్కొక్క నెంబరే పిలుస్తుంది. మూడో నెంబరు పిలిస్తే మూడో కడ్డీయే పలుకుతుంది. తక్కినవి నోరు మెదపవు.

పెట్టెలోపల చిప్పుల మధ్య పొట్టి దూరాలకు ఐ2సి అనే పద్ధతి వుంది. 1982లో ఫిలిప్స్ కంపెనీవారు తెచ్చారు. చేనుకు అది చాలదు. అక్కడ ఆర్‌ఎస్-485 తీగ కావాలి. వేగం తగ్గిస్తే 1200 మీటర్ల దాకా మాట అందుతుంది. దానిమీద 1979లో వచ్చిన మోడ్‌బస్ పద్ధతిలో 1 నుంచి 247 దాకా నెంబర్లు ఇవ్వవచ్చు.

నా పొరపాటు ఒకటి చెబుతాను. ఒక చెనక్కాయ చేలో ఒకటో నెంబరు కడ్డీ బాగా పనిచేస్తుండగా, కొత్తది తెచ్చి కలిపాను. దానికీ ఒకటో నెంబరే వుంది, నేను చూసుకోలేదు. పిలవగానే రెండూ ఒక్కసారే పలికాయి, మాట చెడింది. పెట్టె పాత లెక్కనే పట్టుకొని ‘తేమ వుంది’ అని చూపింది. మోటారు ఆడలేదు. ఊడలు దిగే అదనులో ఆకు వాడిపోయింది. ఆ పెద్దాయన నన్ను ఒక్క మాట అనలేదు. పొడి మట్టి తీసి నా చేతిలో పోశాడు.

కాబట్టి ఈ నాలుగూ గుర్తుంచుకోండి.

1. కొత్త కడ్డీని ముందు ఒంటరిగా కలిపి, వేరే నెంబరిచ్చి, దానిమీద రంగుతో రాసి, ఆ తర్వాతే పాతండి.

2. మెలివేసిన జంట తీగనే వాడండి. కడ్డీ నుంచి కడ్డీకి వరుసగా పోవాలి, కొమ్మలుగా చీలరాదు. రెండు చివరలా 120 ఓముల రెసిస్టరు వుండాలి.

3. ఏ, బీ తీగలు తారుమారైతే కడ్డీ పలకదు.

4. జవాబు రాకపోతే పాత లెక్క చూపకుండా హెచ్చరిక ఇచ్చేటట్లు పెట్టెను సరిచేయించుకోండి.

పెట్టె మాట వినండి. వారానికొకసారి పిడికెడు మట్టి తీసి పిసికి కూడా చూడండి. సెలవు.