బంగాళాఖాతంలో ఉప్పెందుకు తక్కువ?

సముద్రం ఉప్పగా ఉండటానికి కారణం కొండల్లోనే మొదలవుతుంది. వాన నీరు గాలిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకుని కాస్త ఆమ్లగుణం తెచ్చుకుంటుంది, రాళ్లను కొద్దికొద్దిగా కరిగిస్తుంది. ఆ లవణాలను నదులు సముద్రంలో చేరుస్తాయి. క్లోరిన్ మాత్రం చాలావరకు భూగర్భం నుంచి, అగ్నిపర్వతాల వాయువులతో వచ్చింది. ఎండకు నీరు ఆవిరైపోతుంది, లవణాలు అక్కడే మిగులుతాయి.

ఇక్కడ ఒక చిక్కుంది. నదుల నీటిలో సాధారణంగా సోడియం కన్నా కాల్షియమే ఎక్కువ. సముద్రంలో మాత్రం సోడియందే పైచేయి. పగడాలు, గవ్వల పురుగులు, కంటికి ఆనని సూక్ష్మజీవులు కాల్షియాన్ని గుల్లలు కట్టుకోవడానికి వాడేసుకుంటాయి. సోడియం, క్లోరిన్లతో వాటికి అంత పని లేదు కాబట్టి ఆ రెండూ కోట్ల ఏళ్లు నీటిలోనే ఉండిపోతాయి. కిలో సముద్రజలంలో సగటున 35 గ్రాముల లవణాలుంటే, వాటిలో దాదాపు 85 శాతం ఆ రెండే. నదులు ఇంకా మోసుకొస్తూనే ఉన్నా ఉప్పదనం అదేపనిగా పెరగడం లేదు. వచ్చి చేరేదెంతో, అడుగు మట్టిలోకీ ఉప్పు పొరల్లోకీ పోయేదీ దాదాపు అంతే.

అయితే సగటు సగటే. అరేబియా సముద్రపు పైనీటిలో లవణాలు కిలోకు 36 గ్రాముల దాకా ఉంటే, వానాకాలం ముగిసేసరికి ఉత్తర బంగాళాఖాతంలో 30 కన్నా తగ్గిపోతాయి. అరేబియాలో కురిసేదానికన్నా ఆవిరయ్యేది ఎక్కువ. బంగాళాఖాతం సంగతి వేరు. నెత్తిన కుండపోత వాన, చుట్టూ గంగా బ్రహ్మపుత్రలు, ఐరావతి, మహానది, గోదావరి, కృష్ణ. అక్టోబరు నుంచి తీరం వెంట దక్షిణానికి సాగే ప్రవాహం ఉత్తరాది నదుల నీటిని ఆంధ్ర తీరానికి తెస్తుంది. కార్తీక మాసపు సముద్రస్నానంలో ఎంతో కొంత గంగ కూడా ఒంటికి తగులుతుందన్నమాట.

ఉప్పు తగ్గిన నీరు తేలిక. అది పాల మీద మీగడలా పైనే పరుచుకుంటుంది, కింది ఉప్పునీటితో ఓ పట్టాన కలవదు. ఈ సముద్రం తీరుతెన్నులు చాలావరకు ఈ పొరతోనే ముడిపడి ఉన్నాయి. మామూలుగా బలమైన గాలి వీస్తే సముద్రం చిలికినట్టై, అడుగున ఉన్న చల్లనీరు పైకొస్తుంది. తుపానుకు కావలసింది వేడి నీరు కనుక, చల్లనీరు తగిలితే దాని జోరు తగ్గుతుంది. బంగాళాఖాతంలో ఆ చిలకడం అంత సులువు కాదు. పైనీరు ఏడాదిలో చాలాకాలం 28 డిగ్రీలకు మించి వెచ్చగానే ఉంటుంది. అరేబియాతో పోలిస్తే ఇక్కడ తుపానులు ఎక్కువ కావడానికి ఇదొక కారణం. పసిఫిక్ వైపు నుంచి వచ్చే అల్పపీడనాలు ఇక్కడ మళ్లీ బలం పుంజుకోవడం మరొకటి. 1977 నవంబరులో దివిసీమను ముంచిన ఉప్పెన వెనుక ఉన్నదీ బంగాళాఖాతపు తుపానే.

ఇదే పొర వల్ల చేపలకూ నష్టమే. సముద్రంలో పోషకాల నిల్వ అడుగున ఉంటుంది. అవి పైకొచ్చి ఎండ తగిలితేనే నాచుజాతి సూక్ష్మజీవులు పెరుగుతాయి, వాటిని ఆశ్రయించి చేపలు పెరుగుతాయి. ఆ రాకకు అడ్డు పడటంతో బంగాళాఖాతపు నడిసముద్రం అరేబియా అంత సారవంతం కాలేదు. వేసవిలో నైరుతి గాలులు ఆంధ్ర తీరపు పైనీటిని నడిసముద్రం వైపు నెట్టినప్పుడు మాత్రం ఒడ్డు దగ్గర చల్లనీరు పైకి ఉబుకుతుంది. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన అమెరికన్ శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ ఈ తీరంలో పరిశోధించిన విషయాల్లో ఇదొకటి.

ఈ పొరను పరిచే నది నీరు సముద్రంలో వృథాగా కలుస్తోందన్న మాట ప్రతి వరదకూ వినిపిస్తుంది. డెల్టాను నిలబెట్టే ఒండ్రు, తీరపు చేపలకు పోషకాలు ఆ నీటితోనే వస్తాయి గనుక ఆ లెక్కలో సగమే నిజం.

ఇప్పుడు ఈ ఉప్పదనాన్ని కొలిచేవి ఆర్గో తేలుడు పరికరాలు. వెయ్యి మీటర్ల లోతున కొట్టుకుపోతూ, పది రోజులకోసారి రెండు వేల మీటర్ల దాకా దిగి, పైకొస్తూ ఉష్ణోగ్రతనూ లవణాలనూ నమోదు చేసి ఉపగ్రహానికి పంపుతాయి. మన దేశం తరఫున ఆ పని చూసే ఇన్‌కాయిస్ సంస్థ ఉన్నది సముద్రం లేని హైదరాబాదులో.