జాతకం చూపించే ముందు...

రెండేళ్ల కిందట మా హన్మకొండలో, మా చెల్లెలి కూతురికి సంబంధం కుదిరినట్టే కుదిరి తప్పిపోయింది. 'అమ్మాయికి కుజదోషం ఉందట' అన్నారు మగపెళ్లివారు. తలలు దించుకుని వచ్చేశాం. ఆ మాటకు అర్థం మాత్రం మాలో ఒక్కరికీ తెలియదు! ఆ తర్వాతే తెలిసిన అయ్యగారి దగ్గర కూర్చుని ఒక్కొక్కటే అడిగాను.

పుట్టినప్పుడు చంద్రుడు ఏ నక్షత్రంలో ఉంటే అది జన్మనక్షత్రం. నక్షత్రాలు 27. ఒక్కోదానికి 4 పాదాల లెక్కన మొత్తం 108. తొమ్మిదేసి పాదాలు ఒక రాశి. అందుకే నక్షత్రం ఒకటే అయినా రాశి వేరు కావచ్చు. మృగశిర మొదటి రెండు పాదాలు వృషభం, చివరి రెండూ మిథునం.

పుట్టిన వేళకు తూర్పున ఉదయిస్తున్న రాశి లగ్నం. ఇది సుమారు రెండు గంటలకోసారి మారిపోతుంది. లగ్నం నుంచి 2, 4, 7, 8, 12 స్థానాల్లో కుజుడుంటే కుజదోషం అంటారు. కొందరు చంద్రుడి నుంచీ, శుక్రుడి నుంచీ కూడా చూస్తారు.

ఇక మనల్ని హడలెత్తించే ఏలినాటి శని! జన్మరాశికి 12, 1, 2 స్థానాల్లో శని తిరిగే ఏడున్నరేళ్లే అది. దాదాపు 30 ఏళ్లకోసారి అందరికీ వచ్చేదే.

లగ్నం సంగతి వినగానే నాకు అనుమానం వచ్చింది. జాతకం రాయించినప్పుడు 'దీపాలు పెట్టే వేళ' అని గుర్తు చెప్పి ఆరుంబావు వేయించాం. ట్రంకుపెట్టె వెతికితే కాన్పు చీటీ దొరికింది. అందులో ఏడూ నలభై! లగ్నం తర్వాతి రాశికి జరిగింది. ఏడో ఇంట్లోని కుజుడు ఆరో ఇంటికొచ్చాడు. చంద్ర, శుక్రుల నుంచి చూసినా దోషం లేదు. అప్పటికే ఆ అబ్బాయి పెళ్లయిపోయింది.

'తప్పు మీ గడియారానిదైతే మాట నేనెందుకు పడాలి పెద్దమ్మా?' అంది పిల్ల. జవాబు చెప్పలేకపోయాను.

2008లో శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ బృందం మహారాష్ట్రలో 27 మంది జ్యోతిష్కులకు జాతకాలిచ్చి పరీక్షిస్తే, సరైన జవాబులు సగం కూడా రాలేదు. నమ్మడం, మానడం ఎవరిష్టం వారిది. నమ్మేవాళ్లయినా ముందు పుట్టిన సమయం కాగితం మీద చూసుకోండి. అర్థంకాని మాటకు తల ఊపకండి, అడగండి. అన్నిటికన్నా ముఖ్యం, ఆ మాటను పిల్లకు పేరుగా పెట్టకండి.